తెర మీద పేరు

చెరువు గట్టు మీద టీవీ పెట్టి చూపించడం కొల్లేటి పల్లెల్లో ఎవరూ కనీ వినీ ఎరగరు. అబ్బాయిరాజుగారి మేత షెడ్డు వసారాలో తవుడు బస్తాలు నాలుగు పేర్చి, వాటి మీద టీవీ నిలబెట్టాడు మేనేజరు దుర్గాసాయి. వల లాగేవాళ్ళూ, మేత సంచులు కట్టేవాళ్ళూ పని ఆపేసి వచ్చి, తడికాళ్ళతో గట్టు దిగువన నిలబడ్డారు. రాజుగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు ఎదురుగా, కాస్త పక్కగా, కాపలాదారు ఏసోబు నిలబడ్డాడు. చలికాలమంతా తలకు చుట్టుకునే తువాలు తీసి, మడత పెట్టి చేతిలో పట్టుకున్నాడు.

సిల్వియా మేత బస్తా మీదే మౌసు పెట్టుకుని వంగి కూర్చుంది. ఏలూరులో అన్న నెల్సన్‌తో కలిసి కెమెరాల షాపు నడుపుతుంది ఆమె. బేరం అన్నయ్యది, పని చెల్లెలిది. స్తంభం ఎక్కి కెమెరా బిగించేదీ ఆమే, కంప్యూటరు ముందు కూర్చునేదీ ఆమే.

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నారు రాజుగారు.

వేసింది. మేత బస్తా పోయిన రోజు తెల్లవారుజాము మంచు. షెడ్డు తలుపు తెరుచుకుంది. తలకు గుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు భుజాన బస్తాతో బయటికి వచ్చి, గట్టు దిగి, మంచులో కలిసిపోయాడు. అతను కదిలినంతసేపూ చుట్టూ ఆకుపచ్చ గడి ఒకటి కదిలింది. గడి మీద తెలుగు అక్షరాల్లో పేరు. ఏసోబు.

గట్టు కింద ఎవరో "అమ్మో" అన్నారు.

"ఏం ఏసోబూ, ఏమంటావు? నేను నిన్నేమీ అనలేదు. ఆ పేరు నేను పెట్టలేదు. అదే రాసింది," అన్నారు రాజుగారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కూలివాళ్ళని కూడా 'ఏవయ్యా, కాస్త ఇలా రా' అని పిలిచే రకం. అందుకే ఆయన ముందు ఎవరికీ మాట పెగలదు.

ఏసోబు చేతిలో తువాలు ఇంకో మడత పెట్టాడు. రాజుగారు సిల్వియా వైపు తిరిగారు.

"అమ్మాయీ, దీని ప్రోగ్రామ్ రాసినదానివి నువ్వేనంట గదా. నువ్వు చెప్పు. అది పొరపాటు పడుద్దా?"

"అబ్బే, పడదండీ," అన్నాడు నెల్సన్, చెల్లెలు నోరు తెరిచే లోపలే. "పెద్ద పెద్ద కంపెనీల మిషన్లయితే చెప్పలేమండీ. ఇది మా సొంతం కదండీ."

సిల్వియాకి మాట రాలేదు అని రాస్తే అబద్ధమవుతుంది. మాట నాలుక చివరికే వచ్చింది. పడుతుందండీ, చాలాసార్లు పడుతుంది అన్న రెండు ముక్కలు. ఆమే వాటిని మింగింది. మింగి, మౌసు తీగకి అంటిన తవుడు గోటితో గీకుతూ కూర్చుంది.

ఏసోబు ఆమెనే చూస్తున్నాడు. ఒకే ఊరి వాళ్ళు, ఒకే చర్చి వాళ్ళు. చిన్నప్పటి నుంచి 'బాబాయ్' అని పిలిచిన మనిషి. ఆ చూపులో ఆమె కోపం వెతికింది. కోపం దొరికితే కాస్త హాయిగా ఉండేది. దొరకలేదు.

"మిషను చెప్పినదాన్ని నేను కాదననండి," అన్నాడతను రాజుగారితో.

"అంటే తీశావన్నమాట."

"నేను కాదననండి," అని మళ్ళీ అదే మాట.

ఇంకేముంది, ఒప్పేసుకున్నాడు అని గుసగుసలు బయల్దేరాయి. సిల్వియాకి కూడా గుండెల మీది బరువు దిగినట్టయింది. నిజంగా తీశాడేమో. తీసే ఉంటాడు. లేకపోతే కాదని ఎందుకు అనడు? ఆ క్షణాన అలా అనుకున్నందుకు తరవాత ఆమె తనని తాను చాలా తిట్టుకుంది.

"పోలీసులూ గీలీసులూ వద్దు. ఇన్నేళ్ళు నా ఉప్పు తిన్నావు. తాళం ఇచ్చెయ్యి. ఆదివారంలోగా ఆ మోటారు గది ఖాళీ చేసుకోండి, నువ్వూ నీ భార్యా," అన్నారు రాజుగారు.

తాళంచెవి ఏసోబు మొలతాడుకి కట్టి ఉంది. ఏళ్ళ తరబడి నీళ్ళలో తడిసి ఎండిన ముడి అది, ఊడి రాలేదు. అందరి ముందూ చొక్కా పైకెత్తి, గడ్డం ఛాతీకి ఆనించి, మొద్దుబారిన వేళ్ళతో పీకుతున్నాడు. గట్టు కింద ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు.

"తొందరేం లేదయ్యా, నెమ్మదిగా తియ్యి," అన్నారు రాజుగారు ఎంతో మర్యాదగా. చివరికి దుర్గాసాయి వచ్చి పళ్ళతో కొరికి ముడి విప్పాడు.

సిల్వియా బండి దగ్గరికి వచ్చేసరికి ఏసోబు భార్య పుష్పలత ఎదురుగా ఉంది. అంట్లు తోముతూ అలాగే లేచి వచ్చినట్టుంది, చేతులకి బూడిద. ఆమె సిల్వియా చెయ్యి పట్టుకోబోయి, తన చేతుల బూడిద చూసుకుని వెనక్కి తీసుకుంది.

"ఆ పొద్దు ఆయన జొరంతో నా పక్కనే పడుకున్నాడే. తలుపు తీస్తే నాకు మెలకువ రాదా? మరి అందులోకి ఎలా వెళ్ళాడే, సిల్వియా?"

"చూస్తాను పిన్నీ," అంది సిల్వియా. అనేసి, హెల్మెట్ పెట్టేసుకుంది.

అన్నాచెల్లెళ్ళు బండి మీద కైకలూరు దాటారు. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. చేపలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఒప్పుకున్నాడు కదే. నువ్వెందుకు మొహం అలా పెట్టుకున్నావు?" అన్నాడు నెల్సన్ ముందు నుంచి.

"మన సొంతం అని ఎందుకు చెప్పావన్నయ్యా?"

"మొదట చెప్పింది నేనా? కోతపండుగ రోజు పాస్టరుగారు చెప్పారు. నువ్వు ఆమేన్ అన్నావు."

అది నిజం. వాళ్ళ ఊరి చర్చిలో కోతపండుగకి ఎవరి మొదటి ఫలం వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం ఆనవాయితీ. వరి కంకులు, గుమ్మడికాయలు, బుట్టలో బొచ్చె చేపల మధ్య నెల్సన్ తాము తయారు చేసిన మొదటి పెట్టె తెచ్చి పెట్టాడు. పాత కంప్యూటరు ఒకటి బాగుచేసి, ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ప్రోగ్రామ్ ఎక్కించిన పెట్టె. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, విప్పి చూసుకోండి, మార్చుకోండి, మా పేర్లు మాత్రం చెరపకండి అని లోకానికి వదిలేసిన ప్రోగ్రామ్ అది. పాస్టర్ ఆనంద్ పాల్ గారికి అదంతా ఎవరు చెప్పారు? ఆయన పెట్టె మీద చెయ్యి ఉంచి, కళ్ళు మూసుకుని, "తండ్రీ, తన సొంత తెలివితో ఈ కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసిన మా బిడ్డ సిల్వియా కోసం స్తోత్రం" అన్నారు. ప్రార్థన మధ్యలో లేచి 'కాదండీ' అనేవాళ్ళు ఆ చర్చిలో పుట్టలేదు. ఊరంతా ఆమేన్ అంది. ఆమె కూడా అంది. బయటికి వచ్చాక ముసలమ్మలు బుగ్గలు నిమిరారు. మరుసటి వారానికి నెల్సన్ కార్డులు అచ్చు వేయించాడు, మా సొంత సాఫ్ట్‌వేర్ అని. తెర మీద అసలు వాళ్ళ పేర్లు ఉన్నచోట షాపు బొమ్మ పెట్టమన్నాడు. పెట్టింది.

షాపుకి చేరాక సిల్వియా అన్నం తినకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ ప్రోగ్రామ్ ఎవరి పేరు రాసినా, పక్కనే తనకి ఎంత నమ్మకమో నూటికి ఇంత అని నంబరు కూడా చూపిస్తుంది. వాళ్ళ షాపు పెట్టెల్లో మాత్రం చూపించదు. ఆ నంబరు చూస్తే బేరం చెడిపోతోంది అని నెల్సన్ గొడవ పెడితే, సిల్వియా కోడు తెరిచి ఆ ముక్క తీసేసింది. నంబరు తక్కువైతే పేరు రాయకుండా 'తెలియదు' అని ఆగిపోయే గీత కూడా కిందికి దించేసింది. అప్పుడది చిటికెలో పనిలా అనిపించింది.

ఇప్పుడు దాన్ని మళ్ళీ పెట్టి, చెరువు గట్టు వీడియో తిప్పింది. ఏసోబు పేరు పక్కన నంబరు వచ్చింది. సగానికి కాస్త పైన ఉంది, అంతే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతే వస్తుంది.

"అన్నయ్యా, ఒకసారి ఇలా రా. నీ తువాలు తలకి చుట్టుకుని, కెమెరా ఎదురుగా గుమ్మంలో నిలబడు."

నెల్సన్ విసుక్కుంటూనే చుట్టుకుని నిలబడ్డాడు. తెర మీద ఆకుపచ్చ గడి వెలిగింది. ఏసోబు.

అతను నవ్వబోయి ఆపేశాడు. సిల్వియా లేచి, తన చున్నీ తలకీ గడ్డానికీ చుట్టుకుని, తనే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. తల తిప్పి తెర చూసింది. తన ముఖం. దాని మీద ఏసోబు అని పేరు.

ఎందుకలా అయిందో ఆమెకి తెలుసు. కెమెరాలు పెట్టిన రోజు మిషనుకి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పాలంటే ఫోటోలు కావాలంది. రాజుగారు పెళ్ళి ఆల్బంలోది ఒకటి ఇచ్చారు. దుర్గాసాయి ఫోన్‌లోవి రెండు పంపాడు. ఏసోబు మాత్రం, పని మానుకుని, ఆమె నిలబడమన్నచోటల్లా నిలబడ్డాడు. ఎండలో, నీడలో, పొద్దు గూకాక, తువాలు చుట్టుకుని, టార్చి పట్టుకుని. 'ఇంకా కావాలా అమ్మా' అని అడిగి మరీ. దాంతో ఆ మిషనుకి తువాలు చుట్టుకున్న మనిషి అంటే ఏసోబే అయిపోయాడు. ఇలాంటి పనికి దీని మాట నమ్మి ఎవరినీ పట్టుకోవద్దని, అసలు రాసినవాళ్ళు వాళ్ళ పేజీలో ఎప్పుడో రాసి పెట్టారు. సిల్వియా చదివింది కూడా.

"రాజుగారికి చెప్పాలి," అంది.

"ఏమని? ఇది మాది కాదండీ, ఊరికే దొరుకుతుందండీ అనా?" నెల్సన్ తువాలు లాగి కుర్చీ మీద కొట్టాడు. "ఊరికే దొరికేదాన్ని ఎవడు కొంటాడే మన దగ్గర? ఎవరిది అని అడిగితే అందరిదీ అంటావా? రేపు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోడౌన్ల పని చూపించాలి. అది వస్తే మనం నిలబడతాం. రాజుగారి నోట ఒక్క చెడ్డ మాట వస్తే షట్టర్ దించుకోవడమే. పైగా, వాడే ఒప్పుకున్నాడు."

"వాడు ఏంటన్నయ్యా? బాబాయ్."

నెల్సన్ తల దించుకున్నాడు. కానీ మాట మార్చుకోలేదు. గూడెం పని అయ్యాక చూద్దాం అన్నాడు. సిల్వియా సరే అంది. సిగ్గుపడాల్సిన మాటల్లో ఆ సరే కూడా ఒకటి.

తాడేపల్లిగూడెంలో ఉల్లి మార్కెట్ వీధికి వెళ్తే కళ్ళు మండుతూనే ఉంటాయి. గోనె సంచుల మధ్య నుంచి దారి చేసుకుంటూ లోపలికి వెళ్తే, గోడౌన్ల యజమాని శ్రీకర్ చిన్న గదిలో లాప్‌టాప్ ముందు ఉన్నాడు. వయసులో ఉన్న మనిషి, మాట మెత్తన. మజ్జిగ తెప్పించాడు. కెమెరా పెట్టి, లారీలు వచ్చేదీ పోయేదీ, సంచులు మోసేవాళ్ళనీ ఆమె చూపిస్తుంటే శ్రద్ధగా చూశాడు. నెల్సన్ మొదలుపెట్టాడు.

"మా చెల్లెలు రాసిందండీ ఇదంతా. పూర్తిగా మన..."

"ఓపెన్ సోర్స్ కదండీ ఇది?" అన్నాడు శ్రీకర్, చిరునవ్వుతోనే.

నెల్సన్ చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది.

"కంగారు పడకండి. నాకు కావలసింది అదే. కిందటిసారి ఒక కంపెనీ పెట్టె కొన్నాను. వాళ్ళ కెమెరాలు తప్ప వేరేవి తీసుకోదు. అది పాడయితే, లోపలేముందో తెలీదు, అడిగితే చెప్పేవాడు లేడు. నా గోడౌన్ బొమ్మలు ఏ దేశానికి పోతున్నాయో కూడా తెలీదు. ఇదయితే విప్పి చూసుకోవచ్చు, మీరు కాకపోతే ఇంకొకరు బాగుచేస్తారు. నేను ఇంట్లో వేసుకుని చూశానండీ, బాగుంది." అని తెర దగ్గరికి వంగాడు. "ఒక్కటే అర్థం కాలేదు. నా దగ్గరున్నదాంట్లో పేరు పక్కన నంబరు వస్తుంది. మీ దాంట్లో లేదేంటండీ? రాసినవాళ్ళ పేర్లు కూడా కనపడట్లేదు."

నెల్సన్ చెల్లెలి వైపు చూశాడు.

"నేనే తీసేశానండీ," అంది సిల్వియా.

"ఎందుకండీ?"

అడగడంలో ఎకసెక్కం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆమె తల తిప్పుకుంది. ఉల్లి ఘాటని చెప్పుకోవడానికి వీలుంది గనక కళ్ళు తుడుచుకుంది.

"అవి రెండూ తిరిగి పెట్టి తీసుకురండి. బిగించినందుకూ చూసుకున్నందుకూ మీకు ఇవ్వాల్సింది నేను ఎలాగూ ఇస్తాను కదా. అప్పుడు మాట్లాడుకుందాం," అని వీధి దాకా వచ్చి సాగనంపాడు శ్రీకర్.

బస్టాండు వైపు నడుస్తుంటే నెల్సన్ పళ్ళు కొరుకుతూ, "చదువుకున్నోడు గనక అలా అన్నాడు. అందరూ అలా ఉంటారా?" అన్నాడు. సిల్వియా వినలేదు. ఏమీ దాచకపోయినా పని వచ్చేది. ఎవరి కోసం దాచినట్టు? తమ ఏ భయానికి బాబాయ్ చొక్కా ఎత్తి నిలబడ్డాడు?

ఏలూరు బస్సు వచ్చింది. "నేను కైకలూరు వెళ్తున్నాను," అని ఆమె వేరే బస్సు ఎక్కేసింది. నెల్సన్ కిటికీ దాకా వచ్చాడు గానీ, దిగమని అనలేకపోయాడు.

రాజుగారు చెరువు మీదే ఉన్నారు. సిల్వియా ఒక్కతే రావడం చూసి, "ఏమ్మా, అన్నయ్య రాలేదా?" అన్నారు.

"ఒకసారి టీవీ వెయ్యనివ్వండి రాజుగారూ. ఆ వీడియోనే. ఈసారి గడీ పేరూ లేకుండా చూపిస్తానండి."

ఆయన కుర్చీ తెప్పించుకున్నారు. దుర్గాసాయి పక్కన నిలబడ్డాడు. మంచు, షెడ్డు తలుపు, భుజాన బస్తాతో మనిషి. పేరు లేదు. ఉత్త మనిషి.

"మళ్ళీ వెయ్యి," అన్నారు రాజుగారు ముందుకి వంగి.

మళ్ళీ వేసింది. బస్తాతో గుమ్మం దాటుతూ ఆ మనిషి తల వంచాడు. వంచినా బస్తా పైదూలానికి రాసుకుంది.

"ఏవండీ," అన్నాడు దుర్గాసాయి మెల్లగా. "ఏసోబు ఆ గుమ్మం కింద తల వంచడండీ. బస్తా ఎత్తుకున్నా వంచడు. అంత ఎత్తు లేడండీ."

రాజుగారు తల తిప్పి షెడ్డు గుమ్మం వైపు చూశారు. ఆ షెడ్డులోంచి ఏసోబు బస్తాలు మోయడం ఆయన ఎన్నేళ్ళుగా చూస్తున్నారో. మొన్న ఈ గట్టు దగ్గర నిలబడ్డ అందరూ చూస్తున్నవాళ్ళే. పేరు కనపడేసరికి మనిషిని చూడ్డం మానేశారు.

సిల్వియా ఇక ఆగకుండా చెప్పేసింది. మిషను ఊహించి రాస్తుందనీ, ఎంత నమ్మకమో పక్కన చెబుతుందనీ, ఆ నంబరు తనే తీసేసిందనీ, ప్రోగ్రామ్ తను రాసింది కాదనీ, ఊరికే దొరుకుతుందనీ. చెబుతున్నంతసేపూ ఆయన చూపు చెరువు మీదే ఉంది.

"ఆ రోజు నిన్ను అడిగాను గదమ్మా, పొరపాటు పడుద్దా అని. నీ ఎదురుగానే కదా నేను తాళం అడిగింది."

"అవునండి."

"దేనికి ఊరుకున్నావు?"

"భయపడ్డానండి. రాసింది నేను కాదని తెలుస్తుందని."

"ఊరికే దొరికిందని చెప్పినా పెట్టించుకునేవాణ్ణేనమ్మా. నాకు చేపలు కావాలి గానీ, ఎవరు రాశారో నాకెందుకు?" అన్నారాయన. "నిన్ను అని ఏం లాభం. కాదంటావా అని వాణ్ణి గట్టిగా ఒక్కసారి కూడా అడగలేదు నేను. పేరు చదివాను, తాళం తీసుకున్నాను," అని లేచారు.

మోటారు గది తలుపు తీసే ఉంది. ఆదివారం దాకా ఆగలేదు వాళ్ళు. నేల ఊడ్చి, పొయ్యి బూడిద ఎత్తేసి, చీపురు మూలన నిలబెట్టి వెళ్ళారు. పెదవేగి అవతల వాళ్ళ కూతురు కెజియా అత్తవారి ఊరు వెళ్ళారని దుర్గాసాయి చెప్పాడు. రాజుగారు సిల్వియాకి తాళంచెవి ఇచ్చి పంపబోయి ఆగారు. "కాదులే, అది నేనే వెళ్ళి ఇవ్వాలి. ముందు నువ్వెళ్ళి చెప్పు. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే పెదవేగి అవతలి పామాయిలు తోటల్లోకి దిగింది సిల్వియా. లోపల ఎండ పడదు. దూరంగా ట్రాక్టరు చప్పుడు. గెలలు కోసి పడేస్తుంటే, ఏసోబు వాటిని ఏరి ట్రాక్టరులోకి ఎత్తుతున్నాడు. ఈ పని అతనికి కొత్త. చేతులకి గోనె ముక్కలు చుట్టుకున్నాడు, అయినా ముళ్ళు గీరుకుని మోచేతుల దాకా ఎర్రటి చారలు. పుష్పలత రాలిన పళ్ళు ఏరి తట్టలో పోస్తోంది.

"ఓరి, సిల్వియా! ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు ఏసోబు. ముఖం వెలిగింది. నిజంగానే వెలిగింది.

"రాజుగారు చూశారు బాబాయ్. అది నువ్వు కాదని తెలిసింది. ఆయనే వచ్చి తాళం ఇస్తానన్నారు."

పుష్పలత తట్ట కింద పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. ఏసోబు గెల ఒకటి ఎత్తబోయి అలాగే వదిలేశాడు.

"నువ్వు కాదని నీకు తెలుసు కదా. మరి ఎందుకు కాదనలేదు బాబాయ్?"

"అదా," అని అతను నవ్వాడు, సిగ్గుపడుతున్నట్టు. "ఎలా అంటానమ్మా? మన పిల్ల రాసిన మిషను. రాజుగారు అంతమందిలో నిన్ను అడుగుతున్నారు, పొరపాటు పడుద్దా అని. అప్పుడు నేను లేచి, అది తప్పు చెబుతోందండీ అంటే నీ షాపు ఏమైపోద్ది? మన ఊళ్ళో అంత చదివింది నువ్వొక్కదానివే. నాదేముంది, రాజుగారి చెరువు కాకపోతే ఇంకో చెరువు."

సిల్వియా చెట్టు మట్ట పట్టుకుని నిలబడింది. ట్రాక్టరు డ్రైవరు హారను కొట్టాడు. ఏసోబు చెయ్యెత్తి ఆగమన్నాడు.

"బాబాయ్, అది నేను రాసింది కాదు. ఎవరెవరో రాసింది. అందరికీ ఊరికే ఇస్తారు. నేను తెచ్చి పెట్టానంతే. పాస్టరుగారు అలా అన్నారు, నేను కాదనలేదు. ఆదివారం చర్చిలో లేచి చెప్పేస్తాను."

ఏసోబుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మబుద్ధి కానట్టు చూశాడు.

"అంటే, అసలు నువ్వు ఏమీ రాయలేదా? కొంచెమైనా రాసే ఉంటావులేమ్మా."

"కొంచెం రాశాను," అంది.

"అదీ!" అని భార్య వైపు తిరిగాడు ఏసోబు. "చెప్పలేదూ నీకు? ఏదో ఒకటి రాయకుండా ఎలా పనిచేస్తుంది?" మళ్ళీ సిల్వియా వైపు తిరిగి, "ఏం రాశావమ్మా అందులో?" అని అడిగాడు, ఎంతో ఆశగా.

చెప్పక తప్పలేదు. మిషను పేరు రాసినప్పుడల్లా పక్కన తన నమ్మకం ఎంతో కూడా రాస్తుందనీ, ఆ రోజు అతని పేరు పక్కన సగం నమ్మకమే ఉందనీ, అది కనపడకుండా తనే కోడు మార్చిందనీ, తను చేసిన మార్పు అదేననీ చెప్పింది. నేల చూస్తూ చెప్పింది.

ఏసోబు ఇంకా ఆ మాటలు కూడదీసుకుంటున్నాడు. పుష్పలతకి ముందు అర్థమైంది. ముఖం మీది కొంగు తీసి, సిల్వియాని చూసింది.

"అంటే, నాకు సరిగా తెలీదు మొర్రో అని అది చెబుతూనే ఉంటే, నువ్వు దాని నోరు మూశావా?"

"అవును పిన్నీ."

తోటలో ఎక్కడో గెల ఒకటి ధబ్బుమని పడింది. పుష్పలత ఇంకా ఏదో అనబోయింది. ఏసోబు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. అతని ముఖంలోంచి, ఇందాక వచ్చిన వెలుగు మొత్తం పోయింది. సిల్వియా వైపు చూడకుండా, చేతికి ఊడిపోయిన గోనె ముక్క మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఊరుకో," అన్నాడు భార్యతో. "ఆ అమ్మాయి గారికి బస్సు టైమవుద్ది. మంచినీళ్ళివ్వు."